నెట్ స్లో: తప్పు లైన్‌దా, గోడదా?

హన్మకొండలో, కాజీపేటలో ఏ కాలనీకి వెళ్లినా ఇంటర్నెట్ మీద వినిపించే ఫిర్యాదు ఒకటే. "హాల్లో మస్తు వస్తది, లోపలి బెడ్‌రూంలకు పోతే గిరగిర తిరుగుతనే ఉంటది." ఈ ఒక్క మాటలోనే సమస్య ఎక్కడుందో సగం తెలిసిపోతుంది. హాల్లో బాగా వస్తోందంటే లైన్ బాగున్నట్టే. లైన్ బాగుండి లోపలి గదిలో రావడం లేదంటే అడ్డం పడుతున్నది గోడ. అయినా చాలామంది ముందు చేసే పని ఆపరేటర్‌కు ఫోన్ కొట్టి గొడవ పెట్టుకోవడం, అప్పటికీ తేలకపోతే 100 ఎంబీపీఎస్ ప్లాన్ తీసేసి 200కు మారడం. నెలనెలా బిల్లు పెరుగుతుంది, బెడ్‌రూంలో మాత్రం ఏమీ మారదు.

ఇంటికొచ్చే నెట్ రెండు దశల్లో వస్తుంది. స్తంభం మీది నుంచి ఇంట్లోని డబ్బా, అంటే రౌటర్ దాకా వైరులో, డబ్బా నుంచి ఫోన్ దాకా గాల్లో. మనం కట్టే డబ్బు మొదటి దశకే. రెండో దశ పూర్తిగా ఇంటివాళ్ల చేతిలో ఉంటుంది, అందుకే దాన్ని ఎవరూ పట్టించుకోరు. ఏ గడబిడ వచ్చినా ముందు తేల్చుకోవాల్సింది ఏ దశలో పోతోందన్నదే. అది తేలకుండా రౌటర్ మార్చినా, కంపెనీ మార్చినా చీకట్లో రాయి విసిరినట్టే.

కనెక్షన్ ఇచ్చే రోజు ఏం జరుగుతుందో చూడండి. నెట్ అతను వస్తాడు, స్తంభం నుంచి సన్నటి నల్లటి ఫైబర్ లాగి ముందు కిటికీ సందులోంచో దర్వాజ పై మూల నుంచో లోపలికి తెచ్చి, కేబుల్ ఎక్కడికొచ్చి ఆగితే అక్కడే, అంటే ఎక్కువగా టీవీ వెనకాల, డబ్బా బిగించి, పేరూ పాస్‌వర్డూ ఒక చీటీ మీద రాసిచ్చి వెళ్లిపోతాడు. ఆయనకు ఆ రోజు ఇంకా చాలా ఇళ్లు ఉంటాయి, తప్పు పట్టలేం. కానీ ఆ అరగంటలో డబ్బాకు దొరికిన చోటే ఆ తర్వాత ఏళ్ల తరబడి ఏ గదిలో నెట్ ఎట్లా రావాలో నిర్ణయిస్తుంది. టీవీ వెనక పెట్టడం అన్నిటికన్నా చెడ్డ చోటు. టీవీ వెనక భాగంలో ఉండే లోహపు పలకలు సిగ్నల్‌ను అక్కడికక్కడే ఆపేస్తాయి, పైగా ముందు గదిలో పెడితే సిగ్నల్‌లో సగం వీధిలోకి పోతుంది.

ఇల్లు నడిమధ్యలో, తల ఎత్తుకు కాస్త పైన, ఎదురుగా బీరువా గానీ ఫ్రిజ్ గానీ లేని చోటుకు ఫైబర్ లాగమని ఆ రోజే పట్టుబట్టాలి. కేబుల్ పొడవైతే స్పీడ్ తగ్గుతుందని కొందరు వద్దంటారు. అది నిజం కాదు. ఈ గాజు పోగులో వెలుతురు కిలోమీటరు ప్రయాణించినా పోయేది అర డెసిబెల్ (వెలుతురు బలం ఎంత తగ్గిందో చెప్పే కొలత) కన్నా తక్కువ, ఇంట్లో ఇంకో 15 మీటర్లు లాగితే వచ్చే నష్టం లెక్కలోకి కూడా రాదు. కేబుల్‌కు కొంచెం ఎక్కువ డబ్బు అడిగితే ఇచ్చేయండి, ఆ తర్వాత రిపీటర్లు, అంటే సిగ్నల్‌ను అందుకుని మళ్లీ పంచే పరికరాలు, కొనే ఖర్చుతో పోలిస్తే అది చాలా తక్కువ. వెలుతురు నిజంగా పోయేది వంపుల దగ్గర. తలుపు రెక్క మూసినప్పుడల్లా నలిగే చోట, కిటికీ గ్రిల్‌కు బిగించి ముడేసిన చోట, గోడ మూలన కాగితం మడిచినట్టు మడిచి మేకు కొట్టిన చోట. మిగిలిన కేబుల్‌ను చుట్టి పెట్టాలంటే ఆ చుట్ట కనీసం అరచేతి వెడల్పున వదులుగా ఉండాలి.

ఇంకొక చిన్న సంగతి, దీన్ని గమనించేవాళ్లు తక్కువ. డబ్బాలోకి వెళ్లే పొట్టి ఫైబర్ ముక్క, అంటే ప్యాచ్ కార్డ్ చివర ప్లాస్టిక్ ముక్క నీలం రంగులో గానీ ఆకుపచ్చ రంగులో గానీ ఉంటుంది. ఆ రంగు అందం కోసం కాదు. ఆకుపచ్చదాంట్లో గాజు కొస 8 డిగ్రీల వాలుతో ఉంటుంది, నీలందాంట్లో వాలు ఉండదు. ఒకదాని చోట ఇంకొకటి దూరుతుంది గానీ లోపల కొసలు సరిగ్గా కలవవు, వెలుతురు అక్కడే చాలా పోతుంది. నెట్ వస్తుంది, పోతుంది, మళ్లీ వస్తుంది. డబ్బా పోర్ట్ రంగు, కార్డ్ రంగు ఒకటేనా అని చూసుకుంటే చాలు.

ఇక గోడల సంగతి. రౌటర్ రెండు బ్యాండ్లలో సిగ్నల్ పంపుతుంది, 2.4 గిగాహెర్ట్జ్, 5 గిగాహెర్ట్జ్. 2.4 దూరం పోతుంది, గోడలు దాటుతుంది, కానీ నెమ్మది. 5 చాలా వేగం, కానీ రెండు గోడలు అడ్డమొస్తే నీరసించిపోతుంది. వరంగల్‌లో మట్టెవాడ, గిర్మాజీపేట లాంటి పాత పేటల్లో రాయితోనో మట్టితోనో కట్టిన మందపాటి గోడల ఇళ్లు ఇంకా ఉన్నాయి. అలాంటి ఒక్క గోడే 5 గిగాహెర్ట్జ్‌ను దాదాపు ఆపేస్తుంది. కొత్తగా కట్టిన రెండంతస్తుల డాబాల్లో లోపలి ఇటుక గోడలు సన్నవే, అక్కడ చిక్కు స్లాబ్‌తో. స్లాబ్‌లో అల్లిన ఇనుప కడ్డీలు, కాంక్రీటు కలిసి కింది నుంచి పైకి సిగ్నల్‌ను బాగా తగ్గిస్తాయి. కింద ఇంటివాళ్లు, పైన కిరాయిదార్లు ఒకే కనెక్షన్ పంచుకునే ఇళ్లలో పైవాళ్లకు నెట్ రాకపోవడానికి కారణం ఇదే. నీళ్లు కూడా ఈ సిగ్నల్‌ను పీల్చుకుంటాయి, కాబట్టి డబ్బాకూ గదికీ మధ్య నీళ్ల ట్యాంకు, నీళ్ల డ్రమ్ములు ఉండకూడదు. అద్దం బిగించిన ఇనుప బీరువా అయితే మూసిన తలుపు లాంటిదే.

యాంటెన్నాలు నిలువుగా ఉంటే సిగ్నల్ ఎక్కువగా పక్కలకు పోతుంది, పైకీ కిందికీ తక్కువ. ఒకే అంతస్తు ఇల్లయితే అన్నీ నిలువుగా ఉంచండి. పై అంతస్తుకు కూడా కావాలంటే ఒకదాన్ని అడ్డంగా వంచి చూడండి, దానికి పైసా ఖర్చు లేదు.

సెట్టింగుల పేజీ తెరవడానికి చాలామంది భయపడతారు, అంత భయం అక్కర్లేదు. ఆ వై-ఫైకి కనెక్టయి ఉన్న ఫోన్ బ్రౌజర్‌లో 192.168.1.1 అనో 192.168.0.1 అనో కొడితే వస్తుంది, అసలు అడ్రసూ లాగిన్ వివరాలూ డబ్బా అడుగున స్టిక్కర్ మీద ఉంటాయి. ముందుగా మార్చాల్సింది ఆ పేజీ పాస్‌వర్డ్, వై-ఫై పాస్‌వర్డ్ కాదు. ఈ రెండూ వేరని తెలియక మొదటిదాన్ని అడ్మిన్ అనే వదిలేస్తారు, అప్పుడు వై-ఫై వాడే ఎవరైనా లోపలికి వెళ్లి అంతా మార్చేయొచ్చు. సెక్యూరిటీ దగ్గర వై-ఫైకి తాళం లాంటి డబ్ల్యూపీఏ2 గానీ, 2018లో వచ్చిన డబ్ల్యూపీఏ3 గానీ ఎంచుకోవాలి. పాస్‌వర్డ్ కొట్టకుండా బటన్‌తోనో పిన్‌తోనో కలిపే డబ్ల్యూపీఎస్ అనే సౌకర్యం ఉంటే ఆపేయడమే మంచిది, దాని పిన్‌ను ఊహించి కనుక్కోవచ్చని 2011లోనే బయటపడింది.

2.4కూ 5కూ ఒకే పేరు పెట్టి, ఫోన్‌నే ఎంచుకోనివ్వడం ఇప్పుడు చాలా డబ్బాల్లో అలవాటు. ఇంట్లో అన్నీ కొత్త ఫోన్లే అయితే ఫర్వాలేదు. కానీ మామూలు ఇళ్లలో రెండు వేర్వేరు పేర్లు పెట్టడమే మేలు, ఎందుకంటే చవక సీసీ కెమెరాలు, స్మార్ట్ బల్బులు చాలావరకు 2.4ను మాత్రమే చూడగలవు. జగిత్యాల, సిరిసిల్ల వైపు ఇంటి పెద్ద దుబాయ్‌లోనో మస్కట్‌లోనో ఉండి ఇంటి ముందు కెమెరాను ఫోన్‌లో చూసుకునే కుటుంబాలు ఉన్నాయి. కెమెరా బిగించే రోజు ఫోన్ 5లో ఉంటే కెమెరా దొరకడం లేదని గంటల తరబడి కుస్తీ పడతారు. ఫోన్‌ను 2.4 పేరుకు మారిస్తే అప్పటికప్పుడు దొరుకుతుంది. ఇక అదే కుటుంబాల్లో వాట్సాప్ వీడియో కాల్ కలవకపోతే కూడా ఇక్కడి రౌటర్‌నే అంటారు, కానీ యూఏఈలో అలాంటి కాల్స్ మీద చాలాకాలంగా ఆంక్షలున్నాయి, దానికి ఇక్కడ ఎన్ని సెట్టింగులు మార్చినా లాభం లేదు.

ఛానెల్ సంగతి 2.4లో చాలా ముఖ్యం. అందులో మన దగ్గర 1 నుంచి 13 దాకా ఛానెళ్లున్నా ఒకదాని మీద ఒకటి పడకుండా ఉండేవి 1, 6, 11 మాత్రమే. కాలేజీలు, హాస్టళ్లు కిక్కిరిసిన నయీంనగర్ లాంటి చోట ఫోన్‌లో చూస్తే ఒక్క గదిలోకే చుట్టుపక్కల వై-ఫై పేర్లు వరుసగా కనిపిస్తాయి. అవన్నీ ఆ మూడు దారుల్లోనే నడవాలి. సాయంత్రం అందరూ ఒకేసారి వీడియోలు పెట్టుకుంటే ఒకరి సిగ్నల్ ఆగితేనే ఇంకొకరిది పోతుంది. అక్కడ ఛానెల్ వెడల్పు 40 కాకుండా 20 మెగాహెర్ట్జ్ పెట్టి, ఆ మూడింటిలో ఖాళీగా ఉన్నదాన్ని ఎంచుకోవాలి. అన్నిటికన్నా మంచిది దగ్గర గదుల్లో 5కు మారిపోవడం. 2018లో కేంద్రం ఆ బ్యాండ్‌లో మరింత స్పెక్ట్రమ్‌ను లైసెన్స్ లేకుండా వాడుకోనిచ్చింది కాబట్టి అక్కడ చోటు ఎక్కువ. అందులో ఛానెల్ 36 నుంచి 48 మధ్య గానీ, 149 నుంచి 161 మధ్య గానీ పెట్టుకుంటే గొడవ తక్కువ. మధ్యలో 52 నుంచి 144 దాకా ఉన్నవాటిలో రాడార్లు కూడా ఉంటాయి కాబట్టి, రౌటర్ ముందు కనీసం ఒక నిమిషం ఆగి విని ఆ తర్వాతే మొదలుపెట్టాలన్న నిబంధన ఉంది. రీస్టార్ట్ చేశాక 5 పేరు వెంటనే కనిపించకపోతే డబ్బా పాడైందనుకోకండి.

ఇప్పుడు అసలు పరీక్ష. నెట్ ఆగుతూ ఆగుతూ వస్తుంటే, స్పీడ్ టెస్ట్ కన్నా ముందు చేయాల్సిన పని ఒకటుంది. ల్యాప్‌టాప్‌లో కమాండ్ ప్రాంప్ట్ తెరిచి పింగ్ (ping) అని కొట్టి, ఖాళీ వదిలి, రౌటర్ అడ్రస్ 192.168.1.1 (స్టిక్కర్ మీద వేరేది ఉంటే అది) ఇవ్వండి. ఫోన్‌లో అయితే ఇందుకు ఉచిత యాప్‌లు ఉన్నాయి. అది డబ్బా దాకా ఒక పలకరింపు పంపి జవాబు ఎంతసేపట్లో వచ్చిందో మిల్లీసెకన్లలో చూపిస్తుంది. తర్వాత అదే పని 8.8.8.8 అనే గూగుల్ అడ్రస్‌కు చేయండి, ఇది ఇల్లు దాటి బయటికి వెళ్లి వస్తుంది. మొదటిది 3, 4, 6, 3 అని కుదురుగా ఉండి, రెండోది 25, 28, 400, జవాబు లేదు, 31 అని ఎగిరెగిరి పడుతుంటే తప్పు లైన్‌ది. అప్పుడు ఆపరేటర్‌ను గట్టిగా అడగొచ్చు. అట్లా కాకుండా మొదటిదే 5, 180, 7, జవాబు లేదు, 350 అని వస్తుంటే మీ ఫోన్ సొంత ఇంట్లోని డబ్బాతోనే మాట్లాడలేకపోతోంది. కంపెనీ ఎంత మంచిదైనా అక్కడ చేయగలిగింది ఏమీ లేదు. ఈ రెండు వరుసల అంకెలు చూశాక గొడవకు తావే ఉండదు. హెల్ప్‌లైన్‌లో మాట్లాడేవాళ్లు కూడా ఈ వివరం చెప్తే మాట మార్చరు.

స్పీడ్ టెస్ట్ చేసేటప్పుడు డబ్బాకు నాలుగడుగుల దూరంలో, 5లో, మిగతా ఫోన్లు ఆపేసి చేయాలి. అక్కడ ప్లాన్‌కు దగ్గరగా వస్తే లైన్ పక్కాగా ఉన్నట్టే. 300 ప్లాన్ తీసుకున్నా వైరుతో 94, 95 దగ్గరే ఆగిపోతుంటే అది దాదాపు ప్రతిసారీ ఒకే కారణం: మధ్యలో ఎక్కడో 100 ఎంబీపీఎస్ పోర్ట్ ఉంది, లేదా రౌటర్ నుంచి కంప్యూటర్‌కు వెళ్లే ల్యాన్ వైరులో ఒక జత తెగింది. ఆ వైరులో నాలుగు జతలుంటాయి. రెండు జతలతో 100 వస్తుంది, గిగాబిట్, అంటే 1000 రావాలంటే నాలుగూ బాగుండాలి. ఎలుక కొరికినా, చవకగా రెండు జతలే క్రింప్ చేసినా నెట్ ఆగదు, 95 దగ్గర ఇరుక్కుంటుంది. ఇంకోటి, సినిమా డౌన్‌లోడ్ సెకనుకు 12 ఎంబీ చొప్పున వస్తోందని 100 ప్లాన్ మీద ఫిర్యాదు చేసేవాళ్లు ఉంటారు. ప్లాన్ లెక్క బిట్లలో, డౌన్‌లోడ్ లెక్క బైట్లలో ఉంటుంది. 8 బిట్లు ఒక బైట్, కాబట్టి 12 ఎంబీ అంటే అది దాదాపు పూర్తి స్పీడే.

నెట్ పూర్తిగా పోతే లైట్లు చూడండి. ఎల్ఓఎస్ అని రాసిన దగ్గర ఎర్ర లైటు వెలిగితే ఫైబర్‌లో వెలుతురు రావడం లేదని అర్థం. రౌటర్‌ను వందసార్లు ఆపి పెట్టినా ఏమీ కాదు, నేరుగా ఆపరేటర్‌కు చెప్పాలి. ఉత్తర తెలంగాణలో ఇందుకు పెద్ద కారణాల్లో ఒకటి కోతులు. అవి స్తంభం నుంచి డాబా మీదికి కేబుల్ పట్టుకుని ఊగుతాయి, కేబుల్ తెగకపోయినా లోపలి గాజు పగులుతుంది. పైకి నల్లటి తొడుగు బాగానే కనిపిస్తుంది, అందుకే లైన్ చూసిపోయినవాళ్లు కూడా అంతా బాగుందంటారు. సంక్రాంతి గాలిపటాల మాంజా, రోడ్డు తవ్వకాలు, చెట్ల కొమ్మలు కొట్టేటప్పుడు తెగిపోవడం మిగతా కారణాలు. పాన్ (PON) అని రాసిన ఫైబర్ లైటు నిలకడగా వెలుగుతూ ఇంటర్నెట్ లైటు మాత్రం ఎర్రగా ఉంటే ఫైబర్ బాగుంది, లాగిన్ కుదరడం లేదు. రీచార్జ్ గడువు అయిపోయిందేమో ముందు చూసుకోండి.

ఇక్కడే పెద్ద ప్రమాదం ఒకటుంది. డబ్బా వెనక చిన్న రంధ్రంలో సూదితో నొక్కే రీసెట్, ఆపి పెట్టే రీస్టార్ట్ ఒకటి కావు. రీస్టార్ట్ ఎన్నిసార్లయినా చేయొచ్చు. రీసెట్ నొక్కితే ఆపరేటర్ ఎక్కించిన పీపీపీఓఈ (నెట్‌కు లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్ నేమ్, పాస్‌వర్డ్, ఆపరేటర్ నెట్‌వర్క్‌లో మీ లైన్‌కు ఇచ్చిన వీలాన్ నంబర్ అన్నీ చెరిగిపోతాయి, అవి లేకుండా నెట్ రాదు. ఆదివారం సాయంత్రం నొక్కితే సోమవారం దాకా ఎదురుచూడాల్సిందే. ఎప్‌సెట్ వెబ్ ఆప్షన్లు పెట్టే చివరి రోజు ఇంట్లో ఎవరో తొందరలో నొక్కేస్తే ఎంత టెన్షనో ఆ ఇంటి పిల్లలకే తెలుసు. కనెక్షన్ ఇచ్చిన రోజే ఆ మూడు వివరాలు అడిగి ఫోన్‌లో ఫొటో తీసిపెట్టుకోండి. కొందరు ఆపరేటర్లు "ఇవ్వం" అంటారు, అయినా అడగాల్సిందే.

అస్తమానం దానంతటదే ఆగి మళ్లీ మొదలయ్యే డబ్బాకు చాలాసార్లు రోగం అడాప్టర్‌లో ఉంటుంది. మేలో ఇక్కడ ఎండ 44 డిగ్రీలు దాటుతుంది, రేకుల గదిలోనో మూసిన అల్మారాలోనో పెట్టిన డబ్బా, అడాప్టర్ రెండూ ఉడికిపోతాయి. కొత్త అడాప్టర్ కొంటే పాతదాని మీద రాసిన వోల్టేజీయే ఉండాలి, ఆంపియర్లు అంతే గానీ ఎక్కువ గానీ ఉండొచ్చు, తక్కువ ఉండకూడదు. కరెంటు పోయినప్పుడు నడవడానికి మినీ యూపీఎస్ పెడితే మంచిదే, అది కూడా వోల్టేజీ చూసే కొనాలి. అయితే యూపీఎస్ ఉన్నా కరెంటు పోగానే నెట్ పోయే ఇళ్లున్నాయి. దానికి కారణం వీధిలో ఉంటుంది. ఇంటి దాకా ఫైబరే వస్తే మధ్యలో ఒక ఫైబర్ వెలుతురును చాలా ఇళ్లకు పంచే స్ప్లిటర్‌కు కరెంటే అక్కర్లేదు, ఆపరేటర్ ఆఫీసులో బ్యాకప్ ఉంటే చాలు. కొన్ని గల్లీల్లో మాత్రం స్తంభం మీది పెట్టెలో స్విచ్ పెట్టి అక్కడి నుంచి ఇళ్లకు ల్యాన్ వైరు ఇస్తారు, గల్లీలో కరెంటు పోతే ఆ స్విచ్ ఆగిపోతుంది. ఆ ల్యాన్ వైరు రాగిది కాబట్టి పిడుగు పడితే దాని గుండా డబ్బా దాకా కరెంటు రావచ్చు కూడా, ఉరుములప్పుడు తీసేయడం మంచిది. కొత్త కనెక్షన్ తీసుకునేటప్పుడు ఇంటి దాకా ఫైబరా, ల్యాన్ వైరా అని అడగండి.

పై అంతస్తుకు సిగ్నల్ చాలకపోతే ఎక్కువమంది కొనేది ప్లగ్‌లో గుచ్చే రిపీటర్. అది అదే ఛానెల్‌లో విని మళ్లీ అదే ఛానెల్‌లో చెప్పాలి కాబట్టి చవకవాటిలో స్పీడ్ సగానికి పడిపోతుంది, పైగా సిగ్నల్ లేని గదిలో గుచ్చితే పంచడానికి దాని దగ్గరే ఏమీ ఉండదు. దానికన్నా మెట్ల పక్క నుంచి ఒక ల్యాన్ వైరు పైకి లాగి, ఇంట్లో మూలన పడున్న పాత రౌటర్‌ను అక్కడ పెట్టడం ఎన్నో రెట్లు మేలు. ఆ పాతదాని అడ్రస్‌ను 192.168.1.2 లాగా వేరేది చేయాలి, లేకపోతే రెండు డబ్బాలూ ఒకే అడ్రస్ మీద కొట్టుకుంటాయి. దాంట్లో ఫోన్లకు అడ్రస్‌లు పంచే డీహెచ్‌సీపీ ఆపేయాలి, వైరును బయటి నెట్ కోసం ఉండే వ్యాన్ (WAN) పోర్ట్‌లో కాకుండా ల్యాన్ పోర్ట్‌లో పెట్టాలి.

లైన్ తప్పే అని తేలిపోతే నెట్ అతను వచ్చినప్పుడు సెట్టింగుల పేజీలో ఆప్టికల్ పవర్ అంకె చూపించమనండి. చాలా డబ్బాల్లో అది ఆర్ఎక్స్ పవర్ అని ఉంటుంది. మైనస్ 15 నుంచి మైనస్ 24 మధ్య ఉంటే హాయిగా ఉన్నట్టు. మామూలుగా వాడే జీపాన్ (GPON) రకం ఫైబర్ డబ్బాలు మైనస్ 27 దాకా తట్టుకుంటాయి, దాన్ని దాటితే నెట్ పోతూ వస్తూ ఉంటుంది. ఈ అంకెలు కూడా డెసిబెల్ లెక్కే, ప్రతి 3 తగ్గుదలకు వెలుతురు సగమవుతుంది, కాబట్టి మైనస్ 21 నుంచి మైనస్ 27కు పడిందంటే వచ్చే వెలుతురులో నాలుగో వంతే మిగిలింది. ఆయన స్తంభం దగ్గర జాయింట్ మళ్లీ వేసి, కొసలు తుడిచి వచ్చాక, సంతకం పెట్టకముందే ఆ పేజీ మళ్లీ తెరిపించి కొత్త అంకె చూడండి, దాన్ని ఫొటో తీసి ఉంచుకుంటే వచ్చేసారి ఎంత పడిందో అప్పుడే తెలుస్తుంది.